మడిపంచెలోని నీళ్ళు

ఒకానొక రాజ్యంలో వీరభాను మహారాజుకు తెలియని సంగతంటూ లేదు. అలాగని మహారాజే చెప్పుకునేవాడు, అదీ రోజూ.

ఆ ఏడు వేసవిలో రాజోద్యానంలోని కొలను సగానికి దిగిపోయింది. ఇంకేముంది! కాపలా కాసే గురవయ్యే నీళ్ళు దొంగచాటుగా బయటికి వదిలాడని మహారాజు తేల్చేశాడు. పాపం, గురవయ్య ఎంత మొత్తుకున్నా వినలేదు. సంకెళ్ళు వేయించి, పొద్దుగూకేలోగా కుడిచెయ్యి నరికెయ్యమన్నాడు.

సభలో అందరూ తలలు దించుకున్నారు. ఒక్క కంచిభట్టు లేచాడు. రాజును నవ్వించడం అతని ఉద్యోగం. ఆ రోజు మాత్రం అతనికి ఒళ్ళు మండిపోతోంది.

"ప్రభూ, దొంగ గురవయ్య కాదు. అసలు దొంగ నిన్న మీ మేడమీదికీ వచ్చాడు."

"నా మేడమీదికా! ఏం పోయింది?"

"నీళ్ళే. నిన్న ఆరేసినప్పుడు మీ మడిపంచె బొటబొటా కారుతోంది. ఇవాళ పూజకు కట్టుకునేసరికి పొడిగా ఉంది. ఆ నీళ్ళు ఎవరు తీశారు? ఎవరైనా ముట్టుకుని పిండారా?"

"నోరు ముయ్యి! ముట్టుకుంటే మడి పోదూ? నా పూజంతా గంగలో కలవదూ? ఎండకు ఆరింది, అంతే!"

"చూశారా, మీరే అన్నారు! పంచెలో నీళ్ళు వదలని ఎండ, అంత కొలనును వదిలేస్తుందా? పంచె దగ్గరేమో ఎండ, కొలను దగ్గరేమో గురవయ్యా? ఇదెక్కడి న్యాయం?"

మహారాజు మీసం దువ్వుకున్నాడు. ఓడిపోవడం అలవాటులేని మనిషాయె! "సరే, సూర్యుడే అనుకుందాం. సొత్తు ఎక్కడ దాచాడు? చూపించకపోతే నీ చెయ్యీ పోతుంది."

"ఆవిరి చేసి పైకెత్తుకుపోయాడు. పైన చల్లదనానికి అది మబ్బయి కూర్చుంది. పొద్దున్నుంచీ ఈ ఉక్కపోత ఊరికే అనుకున్నారా? కాస్త ఆగండి, తనే దింపుతాడు."

"నా అనుమతి లేకుండానా?"

"మీ ఆజ్ఞ మేడకప్పు దాకానే ప్రభూ. ఆపైన చెల్లదు."

మంత్రిగారు భయంతో కళ్ళు మూసుకున్నారు. కంచిభట్టు మాత్రం తల వంచలేదు.

సాయంత్రానికి నల్లటి మబ్బు కమ్మింది. చల్లగాలి కొట్టింది. తలారి కత్తి తీసేలోపే వాన కుండపోతగా కురిసింది. ఇంతలో పరిచారిక పరుగెత్తుకొచ్చింది. "అయ్యో మహారాజా, రేపటికని ఆరేసిన మడిపంచె ముద్దయిపోయింది!"

మహారాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓరి నీ దుంపతెగ! దొంగ సొత్తు తెచ్చిచ్చాడురా!" అంటూ గురవయ్యను విడిపించి, తన బంగారు కంకణం తీసి కంచిభట్టుకు ఇచ్చాడు.

కంచిభట్టు దాన్ని తిన్నగా తీసుకెళ్ళి, గురవయ్య కుడిచేతికి తొడిగాడు.

"వచ్చే వేసవికీ కొలను దిగుతుంది ప్రభూ. అప్పుడు ముందు ఈ చేతిని చూడండి. తీర్పు తర్వాత చెప్పుదురుగాని."

మహారాజు మళ్ళీ నవ్వాడు. ఈసారి ఆ నవ్వులో కాస్త సిగ్గు కూడా ఉంది.