కదలని అంకె

కాకినాడలో త్రినాథ్ అనే ప్రోగ్రామరు ఉండేవాడు. చెయ్యి తిరిగినవాడే గాని, తెర మీద ఎర్ర అక్షరాలు కనబడితే అవెందుకు వచ్చాయో కనుక్కోకుండా ముందు వాటిని మాయం చేసేవాడు. మీటర్లను యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు కలిపి, ఆ రెండింటి మధ్య మాట నడిపే డ్రైవర్లు రాయడం అతని పని.

అనపర్తి దగ్గర వీరలక్ష్మమ్మ అనే ఆవిడ యంత్రంలో నాటుకోడి గుడ్లు పొదిగించేది. బీరువా లాంటి పెట్టె, అందులో రెండు వేల గుడ్లు, ఒక వేడి మీటరు, ఒక హీటరు. లోపల ముప్పై ఏడున్నర డిగ్రీలు ఉండాలి. మీటరు చెప్పిన అంకెను బట్టి కంప్యూటరే హీటరును వేసి ఆర్పేది. అది రాకముందు వీరలక్ష్మమ్మ అత్తగారు నేర్పినట్టు గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి చూసుకునేది. ఆ మీటరుకు డ్రైవరు రాసిపెట్టడానికి వచ్చిన త్రినాథ్ అది చూసి నవ్వాడు. ఇక మాటిమాటికీ తలుపు తియ్యొద్దని, తెర చూసుకుంటే చాలని చెప్పాడు.

ఆ మీటరు అప్పుడప్పుడు మొరాయించేది. జవాబు చెప్పలేకపోతే "నేను ఆగాను" అని ఒక సంకేతం పంపేది. వెంటనే తెర ఎర్రబడేది, వీరలక్ష్మమ్మ ఫోను చేసేది. నాలుగోసారి ఫోను వచ్చేసరికి త్రినాథ్‌కు విసుగు పుట్టింది. ఆ సంకేతాన్ని అవతల పారేసి, చివరగా వచ్చిన అంకెనే మళ్లీ మళ్లీ చూపించేలా డ్రైవరును మార్చేశాడు.

పక్క సీటులో పనిచేసే కరీముల్లా గారు వయసులో పెద్దవాడు. ఆ మార్పు చూసి తల పట్టుకున్నాడు.

"ఆగానని చెబుతున్న దాన్ని ఎందుకాగావని అడగాలి గదయ్యా. అడ్డం తీసి మళ్లీ పలకరించు. అప్పటికీ పలక్కపోతే హీటరు ఆర్పేసి గంట మోగించు. పాత అంకె చూపిస్తావేంటి?" అన్నాడు.

"గంట మోగితే జనం బెదిరిపోతారు సార్. ఫోన్లు ఆగాయి, చాలదా?" అన్నాడు త్రినాథ్.

నిజంగానే ఆగాయి. వీరలక్ష్మమ్మ మురిసిపోయి, ఇరవయ్యో రోజున తప్పకుండా రమ్మని పిలిచింది. పిల్ల పెంకు పగలగొట్టే ముందు లోపలే కియ్ కియ్‌మంటుంది. గుడ్డు చెవికి ఆనించుకుంటే వినబడుతుంది.

ఆ రోజు పదకొండింటికి త్రినాథ్ వెళ్లాడు. పెంచుకోవడానికి కోడిపిల్లల్ని తీసుకెళ్లాల్సిన ఆడవాళ్లు కొందరు ఆ కూత విందామని ముందే వచ్చి, బుట్టలతో వరండాలో కూర్చున్నారు. తెర మీద ముప్పై ఏడు పాయింట్ నాలుగు అని ఉంది.

"పొద్దుగాల నుంచి అదే అంకండి. ఇసుమంతైనా కదల్లేదు. ఎంత బుద్ధిగా ఉందో చూడండి" అంది వీరలక్ష్మమ్మ.

త్రినాథ్ ఆ అంకె వంక మళ్లీ చూశాడు. వేడన్నాక కాస్తో కూస్తో కదలకుండా ఉండదు. తలుపు తియ్యమన్నాడు.

సెగ మొహాన కొట్టింది. వీరలక్ష్మమ్మ పాత అలవాటు కొద్దీ ఒక గుడ్డు తీసి కనురెప్పకు ఆనించి, చటుక్కున లాగేసుకుంది. తర్వాత చెవి దగ్గర పెట్టుకుంది. ఇంకోటి తీసింది. మరోటి తీసింది. ఏ గుడ్డులోనూ చప్పుడు లేదు. వరండాలో ఆడవాళ్లు లేచి నిలబడ్డారు.

ఆవిడ గుడ్డు చేత్తో పట్టుకునే తెర వైపు తిరిగింది.

"ఇందులో ఇంకా బాగానే ఉందండి" అంది.

త్రినాథ్ కంప్యూటరు తనంతట తాను రాసుకున్న చిట్టా తెరిచాడు. తెల్లవారుజామున అయిదింటికే మీటరు ఆగిపోయింది. అప్పటి నుంచి క్షణానికొకసారి "నేను ఆగాను" అని చెబుతూనే ఉంది. ఇరవై వేల సార్లకు పైగా చెప్పింది. అన్నిసార్లూ డ్రైవరు ఆ మాటను పారేసింది. చివరి అంకె ఉండాల్సిన దానికన్నా పిసరంత తక్కువ కావడంతో, ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటరు ఆరు గంటలపాటు హీటరును ఆర్పనే లేదు.

"తప్పు మీటరుది కాదమ్మా, నాది. అది చెబుతూనే ఉంది" అన్నాడు.

"మరి నాకెందుకు చెప్పనివ్వలేదు బాబూ?" అని అడిగింది వీరలక్ష్మమ్మ.

ఆడవాళ్లు ఖాళీ బుట్టలు తీసుకుని వెళ్లిపోయారు. త్రినాథ్ ఆ తెర ముందే కూర్చుని కరీముల్లా గారు చెప్పినట్టు డ్రైవరు తిరగరాశాడు. గంట మోగుతోందని పరీక్షించి చూశాకే లేచాడు. వీరలక్ష్మమ్మ తర్వాతి విడత గుడ్లను రోజూ కనురెప్పకు ఆనించి చూసుకుంది. ఈసారి అతను నవ్వలేదు.

నీతి: చెడ్డ కబురు చెప్పే నోరు నొక్కేస్తే కీడు ఆగదు, మనకు తెలియకుండా ముంచుతుంది, ఆగిపోయానన్న వాణ్ని ముందు ఎందుకాగావని అడగాలి.