దొరగారి పాదాలకు మాసిన మడుగులు

పొద్దు బారెడెక్కింది. మబ్బు లేదు. గాలి పొడిగా, హాయిగా వీస్తోంది. బట్టలు ఆరేసుకోవడానికి అంతకంటే మంచి రోజు దొరకదు. కానీ తాళ్ళ మీద ఒక్క బట్టా లేదు.

ఇది దొరల ఏలుబడిలో ఉన్న ఒకానొక రేవుపట్నం సంగతి. ఏటిగట్టు మీద కలెక్టరు బ్రాంబీ దొర బంగళా, గట్టు కింద చాకిరేవు. రేవు తాతల నాటిది, బంగళా నిన్నమొన్నటిది. బ్రాంబీ దొర మాత్రం ఏరు కూడా తనతోపాటే ఆ ఊరికి వచ్చిందన్నట్టు ఉండేవాడు. ఆయనకు తెలుగు వచ్చు. మన్ననలు రావు.

"తెల్లారకముందే ధబీ ధబీమని ఆ బాదుడేమిటి? నా నిద్ర పాడవుతోంది" అని ఒకనాడు రేవు మూయించాడు. కంచె కట్టించి జవాన్లను కాపలా పెట్టాడు.

చాకలిపేట వాళ్ళంతా కూడబలుక్కుని అర్జీ పెట్టుకుందామని కచేరీకి వెళ్ళారు. గుమ్మంలోనే బంట్రోతు కర్ర అడ్డం పెట్టాడు.

"మాసిన బట్టలతో లోపలికా? కచేరీలో అడుగుపెట్టాలంటే చలవబట్టలు కట్టుకు రావాలి. దొరగారి హుకుం."

"రేవు తెరిపిస్తే ఉతుక్కుని వస్తాం బాబూ."

"రేవు తెరిపించాలంటే అర్జీ పెట్టుకోవాలి."

"అందుకే గదా వచ్చాం!"

"మాసిన బట్టలతోనా?"

కథ మళ్ళీ మొదటికొచ్చింది.

వచ్చినవాళ్ళలో సింహాలు అనే ఆమె ఉంది. దొర బంగళా బట్టలు ఉతికేది ఆమె ఇంటివాళ్ళే. ఆమె కొడుకు గవరయ్యది ఉడుకు నెత్తురు. ఆ విసురులోనే పోయి కంచె దూకాడు. ఒంటి మీది పంచె విప్పి, గోచీతో నిలబడి, బంగళా వైపు చూస్తూ ఆ ఒక్క పంచెనే బండ మీద బాదాడు. జవాన్లు చేతులు విరిచికట్టి ఠాణా కొట్లో తోశారు. సోమవారం కచేరీలో శిక్ష చెపుతారనీ, ఓడెక్కించి పరాయి దీవికి కూలికి పంపుతారనీ ఊళ్ళో చెప్పుకున్నారు.

సింహాలు పైటచెంగు నడుముకు బిగించుకుంది.

"ఏడవవేమే? గుండె పగులుతుంది" అన్నాడు మొగుడు పైడయ్య.

"సోమవారం తరవాత ఏడుస్తాను" అంది.

ఆ ఊళ్ళో ఒక మర్యాద ఉంది. పెళ్ళికొడుకు నడిచే దారిలో చాకలివాళ్ళు ఉతికిన బట్టలు పరుస్తారు. వాటిని మడుగులంటారు. ఒకప్పుడు రాజులకూ పరిచేవారని విని దొర తెగ ముచ్చటపడ్డాడు. కచేరీ రోజున పల్లకీ దగ్గర్నుంచి కుర్చీ దాకా తనకూ పరవాలన్నాడు. ఈ ఊరి మట్టి తన బూటుకు అంటరాదన్నాడు.

ఆదివారం సాయంత్రం సింహాలు మూల పడున్న మూట ముడి విప్పింది.

"రేపు మడుగులు పరవాలి."

"వేటితోనే?" అన్నాడు పైడయ్య.

ఆమె చూపించింది. పైడయ్య మొహం పాలిపోయింది.

"మనల్ని కూడా ఓడెక్కిస్తాడు!"

"అయితే పిల్లాడు ఒంటరిగా పోడు."

మర్నాడు పల్లకీ వచ్చి కచేరీ వీధిలో ఆగింది. ఊరంతా అక్కడే ఉంది. సింహాలు, పైడయ్య, కోడలు ముత్యాలు గాడిద మీంచి మూట దించి, వంగి వంగి, అతి భక్తిగా పరుచుకుంటూ పోయారు. ముందు చేపల పులుసు మరకల బల్లగుడ్డ. తరవాత బొటనవేలు దగ్గర చిల్లులు పడ్డ మేజోళ్ళు. ఆపైన చెమటకు పచ్చబడిన బనీన్లు. చివర, సరిగ్గా కచేరీ గడప ముందు, మామిడి రసం కారిన దొరగారి రాత్రి చొక్కా.

ఆడవాళ్ళు పైటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దొర ఒక కాలు కింద పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు.

"ఏమిటివి?"

"మడుగులు, దొరా."

"ఇవి నా బట్టలు!"

"తమరివే. పరాయివాళ్ళ మురికి తమ పాదాలకు అంటకూడదని ఏరి తెచ్చాం."

"ఉతకలేదేం?"

"రేవు మూశారు."

"గడప దగ్గర ఆపేశారేం?"

"లోపలికి మాసిన బట్ట పోకూడదని హుకుం."

దొర మొహం కందగడ్డయింది. "బంట్రోతూ! దీన్ని లోపలికి ఈడ్చుకురా! విచారణ చేస్తాను!"

బంట్రోతు గుమ్మంలోంచి ఉరికాడు. సింహాలు కదల్లేదు.

"రమ్మంటే వస్తాను బాబూ. నా కోక మాసింది, గడప దాటకూడదు. మరి నీ చొక్కా మెడ చూసుకున్నావా? నువ్వు చలవకిచ్చిన జత నా ఇంట్లో మూటలోనే ఉంది."

బంట్రోతు మెడ తడుముకున్నాడు. అటు గడపనూ ఇటు దొరనూ చూసి, గుమ్మానికి దూరంగా జరిగి నిలబడ్డాడు.

"సిరస్తాదారుగారి కండువా కూడా అక్కడే ఉంది" అంది సింహాలు.

సిరస్తాదారు కచేరీలో పెద్ద గుమాస్తా. వారంరోజులుగా కండువా తిరగేసి వేసుకొస్తున్నాడు. ఎవరూ పిలవకుండానే దగ్గుకుంటూ బయటికొచ్చాడు. ఆయన వెనక మిగతా గుమాస్తాలంతా ఒక్కొక్కరే వచ్చేశారు. దొర తన చొక్కా చేతి అంచు చూసుకుని చటుక్కున వీపు వెనక దాచుకున్నాడు. ఊరంతా చూసింది.

"లోపల ఇక పురుగు కూడా లేదు, దొరా" అంది సింహాలు. "తమరెక్కడుంటే కచేరీ అక్కడే. వీధిలో ఏ బట్ట కట్టాలో హుకుంలో లేదు. మా అర్జీ వినండి."

దొర పల్లకీలోంచి మెడ చాచి ఖాళీ కచేరీలోకి తొంగిచూశాడు.

"చెప్పు" అన్నాడు చివరికి.

"మా రేవు. నా కొడుకు. అంతే."

"మరి నా నిద్ర?"

"రేవు బండ కదలదు, దొరా. మంచం కదులుతుంది. వీధివైపు గది ఖాళీగానే ఉంది గదా. దాని తెరలు ఉతికేది నేనే."

దొర ఆమెను చూశాడు. గడప ముందు తన రాత్రి చొక్కాను చూశాడు. ఎవరిదో కోడిపెట్ట దాని మీద నిలబడి మామిడి మరకను శ్రద్ధగా పొడుస్తోంది. దొర మీసం ఒకసారి అదిరింది. ఆపుకోవాలని చూశాడు. ఆగలేదు. పల్లకీ ఊగిపోయేలా నవ్వాడు. దొర నవ్వడం చూసుకుని సిరస్తాదారూ నవ్వాడు.

అప్పుడు బ్రాంబీ దొర మడుగులు తప్పించి, బూట్లతో మట్టిలోకి దిగాడు.

"కంచె పీకించండి! మంచం వీధి గదిలో వేయించండి! ఈమెకు పట్టుశాలువ తెప్పించండి!"

"శాలువ తరవాత, దొరా. ముందు పిల్లాణ్ణి తెప్పించండి."

దొర మళ్ళీ నవ్వాడు. రెండూ తెప్పించాడు.

సందెవేళకు ఇల్లు చేరారు. సింహాలు అందరికంటే ముందు నడిచి, గడపలో నిలబడి లెక్కపెట్టుకుంది. పైడయ్య. కోడలు ముత్యాలు. వీపు మీద శాలువతో గాడిద. ఆ వెనక, మణికట్ల మీద తాడు వాతలు రుద్దుకుంటూ గవరయ్య.

"ఏంటమ్మా, ఇప్పుడేడుస్తున్నావు?" అన్నాడు వాడు.

"సోమవారం అయిపోయింది గదరా" అంది.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టింది. ఈసారి చెయ్యి వేసి మరీ. పైడయ్య. ముత్యాలు. గాడిద. గవరయ్య.