పట్టాలమ్మ గుడి ఇనుపగంట

మలేషియాలోని పెరాక్ రాష్ట్రంలో, మన ఉత్తరాంధ్ర వారు నాలుగు తరాలుగా చెమటోడ్చిన రబ్బరు తోటల నడుమ శ్రీ పట్టాలమ్మవారు వెలసి ఉన్నారు. గర్భగుడి ముందు కంచుగంటకు బదులు మూరెడు రైలుపట్టా ముక్క గొలుసుకు వేలాడుతుంది. తుప్పు పట్టిన ఇనుముకు పసుపు కుంకుమలేమిటని కొత్తవారు నవ్వుకోవడం కద్దు. దాని కథ విన్నాక నవ్వినవారిని మాత్రం మేమింతవరకు చూడలేదు.

పూర్వం, అంటే రెండో ప్రపంచ యుద్ధకాలంలో, జపాను సైన్యం ఇక్కడి తోట కూలీలను ఆడా మగా అనకుండా సయాం, అంటే నేటి థాయిలాండ్, అడవుల్లో రైలుదారి వేయడానికి తరలించుకుపోయింది. వారిలో పోలినాయుడు, అతని తమ్ముడు తవిటయ్య ఉన్నారు. ఆ శిబిరంలో రోజూ పొద్దున్నే ఈ పట్టాముక్క మోగేది. మోగగానే వరుసలో నిలబడాలి. నిలబడలేనివాడికి ఆ పూట గంజి లేదు, పైగా దెబ్బలు. తవిటయ్య కాలు పుండు పడి కుళ్లింది. పోలినాయుడు దినదినం తమ్ముణ్ణి వీపున మోసుకొచ్చి, భుజం ఆసరా ఇచ్చి నిలబెట్టేవాడు. కన్నతల్లికైనా అంత ఓపిక ఉండదు.

ఒకనాడు గంట మోగలేదు. అయినా అలవాటు కొద్దీ అందరూ వరుసకట్టారు. ఎండ నెత్తికెక్కినా ఎవరూ కదలలేదు. చివరికి పోలినాయుడు తెగించి వెళ్లి చూస్తే, కావలివారి పాకలు ఖాళీ! యుద్ధం ముగిసింది, వాళ్లు పారిపోయారు. దొరికిన బియ్యంతో ఆడవాళ్లు గంజి కాచారు. ఎండకు సొమ్మసిల్లి పాకల్లోకి చేరినవారిని తిండికి పిలుద్దామని పోలినాయుడు సంబరంగా గంట కొట్టాడు. పొరపాటు అక్కడే జరిగింది.

ఆ మోత వినగానే జనమంతా పరుగున వచ్చి బిగుసుకు నిలబడ్డారు. తవిటయ్య పాక్కుంటూ వచ్చి, గుంజ పట్టుకుని లేచి, "వచ్చీసినాను బాబూ! కొట్టకండి, నిలబడిపోనాను!" అన్నాడు.

పోలినాయుడి గుండె చెరువైంది. "నానురా తవిటీ, అన్నని. ఆళ్లు ఎల్లిపోనారు. కూకోరా" అని బతిమాలాడు. తవిటయ్య వినలేదు. వరుసలో తలల లెక్క కాకుండా తాగితే చంపేస్తారని గంజి ముంతకు పళ్లు బిగించాడు. ఆ పూట గంజి పడకపోతే మనిషి దక్కడు.

అప్పుడు పోలినాయుడు మళ్లీ గంట కొట్టి, తానే నేలమీద చతికిలబడ్డాడు. లేచి కొట్టడం, కూర్చోవడం. అలా ఎన్నిసార్లో! మొదట ఒక ముసలామె కూర్చుని, "ఓలమ్మ, కూకుంటే ఏటీ అవనేదర్రా!" అంది. ఆ తర్వాత వరుస వరుసే కూలబడింది. ఆఖరున తవిటయ్య మోకాళ్లు వంగాయి. అన్న పట్టిన గంజి తాగాడు, బతికాడు.

తిరుగు దారిలో పోలినాయుడు ఆ ఇనుమును భుజానికెత్తుకుంటే, "ఈ శనిని నెత్తినెట్టుకుంటావేటి?" అని తోడివారు తిట్టారు. తోట చేరాక అమ్మవారు అతని కలలో కనబడి, "దాని దగ్గరే నాకు గుడి కట్టు. నన్ను నిలబెట్టకు నాయనా, నానూ కూకుంటాను" అని ఆనతిచ్చింది. అందుకే ఇక్కడిది కూర్చున్న విగ్రహం.

నేటికీ ఏటా ఆగస్టులో, శిబిరం నుంచి విడుదలైన రోజున, గంట మోగగానే దొరా కూలీ అనకుండా అందరూ ఉన్నచోటనే కూర్చుంటారు. పూజారి సైతం హారతి పళ్లెం దించి కూర్చుంటాడు. ఆపైన గంజి ప్రసాదం. ఇది స్వీకరించినవారికి ఎంతటి భయమైనా వదులుతుందని పెద్దల మాట.

గుడి తొలి పూజారి తవిటయ్య మాత్రం ఆఖరి ఏడు దాకా గంట మోతకు ఉలిక్కిపడి లేచి నిలబడేవాడట. కూర్చున్న జనమంతా "కూకో తాతా" అంటే అప్పుడు కూర్చునేవాడు. తాత పోయి ముప్పయ్యేళ్లయింది. ఏటా ఆ రోజు గంట మోగగానే జనం ఇప్పటికీ ఆ మాట అంటారు, తాత కూర్చునేంత సేపు ఆగుతారు, ఆ తర్వాతే గంజి ముంత అందుకుంటారు.