నక్క కొట్టని అడవి

ఎండలు ముదిరి, వానలు దారి తప్పి, వాగులు చలి పోకముందే ఎండిపోతున్న కాలమది. చుట్టుపక్కల కొండల జంతువులన్నీ కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నాయి. చెట్లను ఎదగనిస్తేనే కొండలు మళ్లీ చల్లబడతాయి. కాబట్టి ఎవరు కడుపు మాడ్చుకుని చెట్లను వదిలేస్తారో, వాళ్లకి వేసవంతా ఊట ఉన్న లోయ ఇచ్చెయ్యాలి. ఆ లోయలో నీళ్లుంటాయి, దుంపలుంటాయి, పీతలుంటాయి.

ఆ మాట విన్న రోజే ముళ్లపంది ఏదమ్మ లేత చెట్ల బెరడు ముట్టడం మానేసింది. అసలు బెరడంటే తనకి ప్రాణం! టేకు మొక్క పక్కనుంచి పోతుంటే ఆ పచ్చి వాసనకి నోరూరిపోయేది. అయినా మూతి తిప్పుకుని, రాళ్ల సందుల్లో గడ్డి వేళ్లు తవ్వుకుని తినేది. పాలు తగ్గి పిల్లలు ఏడిస్తే, "కాస్త ఓర్చుకోండి నాన్నా, వేసవికి లోయకి పోదాం" అని సర్దిచెప్పేది. అంత నిబ్బరం ఎంతమందికి ఉంటుంది చెప్పండి!

వేసవి రానే వచ్చింది. లోయ ఎవరికివ్వాలో తేల్చడానికి ఎలుగుబంటి పెద్దమనిషిగా బండమీద కూర్చుంది. అందరికంటే ముందు నక్క లేచింది.

"బాబాయ్, ఒక్కసారి కొండంతా చూడు. ఇన్ని చెట్లలో ఒక్కటైనా నేను కొట్టానా?"

"లేదు."

"పోనీ, కొరికానా?"

"లేదు."

"మరింకేం! ఈ అడవంతా నేను వదిలిపెట్టిందే. లోయ నాకిప్పించు."

ఎలుగు తల గోక్కుంది. వింటే సబబుగానే ఉంది మరి. "నిజమే, నక్క బావ చెట్ల జోలికే పోలేదు" అని కుందేలు వంత పాడింది.

ఏదమ్మ నక్కనీ ఎలుగునీ మార్చి మార్చి చూసింది. లోయ చేజారితే పిల్లలు దక్కరు. నేనూ మానేశానని అరిచినా, మానేసింది కంటికి కనబడదే! నక్కకున్న నోరు తనకెక్కడిది? కాసేపు ఆలోచించి మెల్లగా లేచింది.

"నక్క అన్నయ్య మాట నేనొప్పుకుంటున్నా బాబాయ్. ఇంత అడవిని కొట్టగల మొనగాడు ఊరుకున్నాడంటే మాటలా! అదిగో, ఆ టేకు మొక్క ఎటూ చచ్చి ఎండిపోయింది. ఎలా కొట్టేవాడో దానిమీద చూపిస్తే కళ్లారా చూస్తాం."

"అదెంతసేపు!" అంటూ నక్క ఎగిరి కొరికింది. పళ్లు జారాయి. గోళ్లతో గీకింది. మళ్లీ కొరికితే చెక్క పేడు చిగుళ్లలో దిగింది.

"ఇవాళ కాస్త పంటి నొప్పిగా ఉంది" అంది. కుందేలు కిసుక్కున నవ్వింది.

"తప్పుకో అన్నయ్యా" అని ఏదమ్మ మొక్క మొదలు దగ్గర కూర్చుని కరకరా కొరికింది. ఎలుగు ఆవులించి నోరు మూసేలోగా మొక్క దభీమని పడింది.

అందరూ కొండంతా నిలబడ్డ లేత చెట్లను చూశారు, బక్కచిక్కిన ఏదమ్మను చూశారు. ఇంత సులువుగా కడుపు నింపుకోగలిగీ ఇన్నాళ్లూ గడ్డి వేళ్లతో నెట్టుకొచ్చిందా!

ఎలుగు బండ దిగి వచ్చింది. "తల్లీ, మా అందరి నీడ నువ్వు నిలబెట్టావు. లోయ నీది. పిల్లల్ని తీసుకురా, నేనే దిగబెడతాను" అంది.

నక్క చిగుళ్లలో పేడు పీక్కుంటూ పొదల్లోకి జారుకుంది.

చేతకాక ఊరుకోవడం గొప్ప కాదు. చెయ్యగలిగీ ఆగడమే గొప్ప.