ఆఖరి కూత

“ఓడిపోయిన పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పడం తప్పెలా అవుతుంది మాస్టారూ?” అని దాలినాయుడు అడిగాడు.

అడిగినవాడు బొబ్బిలి వైపు ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఆటల మాస్టారు. ఎవరినడిగాడో ఆ అప్పలస్వామి మాస్టారు చిన్నప్పుడు అతనికి కబడ్డీ నేర్పిన గురువు. ఆయన రిటైరై చాలా కాలమైనా, మనసులో ఏదైనా గుచ్చుకున్నప్పుడు దాలినాయుడు ఆయన అరుగు మీదికే వచ్చి కూర్చునేవాడు. మాస్టారికి వాదించడం చేతకాదు. ఆ సంగతి ఆయనే చెప్పుకునేవారు. ఎవరైనా ఇలాంటి ప్రశ్న వేస్తే కాసేపు వాళ్ల మొహంలోకి చూసి, ఎవరి గురించి అడుగుతున్నావని అనేవారు. ఆ రోజూ అదే అన్నారు.

దాలినాయుడు చెప్పుకొచ్చాడు. ఆ ఏడాది అతని జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. వెళ్లిన ప్రతిచోటా ఓడి వచ్చింది. ఆఖరి మ్యాచ్‌లో మాత్రం చివరిదాకా ఒక పాయింటు ముందుండి, చివరి కూతలో అదీ పోగొట్టుకుంది. స్టాఫ్‌రూమ్‌లో తోటి లెక్చరర్లు నవ్వుకున్నారు. కాలేజీ వార్షికోత్సవం దగ్గర పడుతోందనీ, పిల్లలు చిన్నబుచ్చుకోకుండా ఏదైనా చెయ్యమనీ ప్రిన్సిపాల్ మేడమ్ అతన్ని పిలిచి చెప్పారు. మాట నేర్పున్న మనిషి కాబట్టి దాలినాయుడికి అది పెద్ద పనిగా తోచలేదు. జట్టు ఫొటో వేయించి, ‘ఓడినా విజేతలే’ అని పెద్ద అక్షరాలతో కాలేజీ గేటుకి ఫ్లెక్సీ కట్టించాడు. వాళ్లకి కప్పు దక్కితే మనకి అనుభవం దక్కిందని స్టేజీ మీద చెప్పాడు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి శాలువాలు కప్పించాడు. చప్పట్లు బాగానే మోగాయి.

అందరికంటే ఎక్కువగా అతను పొగిడింది నీలవేణిని. ఎడమ కార్నర్‌లో నిలబడే పిల్ల. ఆఖరి కూతకొచ్చిన అవతలి జట్టు అమ్మాయి ఆమె పట్టులోంచే తప్పించుకుపోయింది. పట్టంటే నీలవేణి పట్టేనని మైకులో అన్నాడు. ఆ పిల్ల తల వంచుకుని స్టేజీ దిగింది. మర్నాటి నుంచి కాలేజీకి రావడం మానేసింది. కప్పిన శాలువాని మడత విప్పకుండా కెప్టెన్ పుణ్యవతి చేతికిచ్చి తిరిగి పంపించింది. దాలినాయుడు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

“ఎవరూ ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు మాస్టారూ. అననివ్వలేదు నేను” అన్నాడు దాలినాయుడు.

మాస్టారు లోపలికి వెళ్లి చొక్కా మార్చుకుని, గొడుగు పట్టుకుని వచ్చారు. ఆ పిల్ల ఊరికి బస్సెక్కడ దొరుకుతుందని అడిగారు.

నీలవేణి వాళ్లది సాలూరు రోడ్డులో దిగి లోపలికి నడవాల్సిన పల్లె. వీళ్లు వెళ్లేసరికి తల్లి వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. తండ్రి నడుం పడిపోయి కొంతకాలంగా మంచం మీదే ఉన్నాడు. ఆ మంచం పక్కన జిప్పు పూర్తిగా పడనంతగా కుక్కిన ప్రయాణపు బ్యాగొకటి ఉంది. కాలేజీ సారు ఇంటికి వచ్చాడని తల్లి కంగారుపడి, కూకోండి బాబూ అంటూ పీట తెచ్చి వేసి, ఇంట్లోకి చూసి కూతుర్ని పిలిచింది. నీలవేణి వచ్చి తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. పలకరించింది గానీ ముందుకి రాలేదు.

దాలినాయుడు అలవాటైన ధోరణిలో మొదలుపెట్టాడు. ఆటన్నాక గెలుపోటములు మామూలేననీ, అంత బాగా ఆడిన పిల్ల ఇలా ఇంట్లో కూర్చోకూడదనీ చెబుతున్నాడు. ఆ పిల్ల నేల వంకే చూస్తోంది. మాటల మధ్యలో మాస్టారు చెయ్యెత్తి అతన్ని ఆపారు. తనెవరో ఆమెకి చెప్పారు. చిన్నప్పుడు తనూ ఎడమ కార్నర్‌లోనే నిలబడేవాణ్ణన్నారు. ఆ తర్వాత మామూలు గొంతుతో అడిగారు.

“ఆఖరి కూతలో కూతకొచ్చిన అమ్మాయి కాలు నీ చేతిలో ఉందట గదమ్మా. పట్టు జారిపోయిందా, వదిలేశావా?”

తల్లి చేతిలోని చింతపండు అలాగే ఉండిపోయింది. దాలినాయుడికి మాస్టారి మీద కోపం వచ్చింది. దెబ్బ తగిలినచోట వేలు పెట్టి నొక్కుతున్నట్టుంది ఆ ప్రశ్న. అంతలోనే అతనికి ఇంకొకటి తట్టింది. ఆ మ్యాచ్ అయ్యాక ఇంతమందితో ఇన్నిసార్లు మాట్లాడాడు. ఈ ముక్క తను అడగనే లేదు.

“వదిలేశాను సార్” అంది నీలవేణి.

తర్వాత ఆమె ఎవరూ అడక్కుండానే చెప్పింది. విశాఖ వైపు మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి ఆమెని తీసుకున్నారు. ఆ మ్యాచ్ అయిన వారంలోనే వైద్య పరీక్ష. చేతులూ వేళ్లూ సరిగా ఉన్నాయో లేదో చూస్తారని ముందు చేరిన పిల్లలు చెప్పారు. కూతకొచ్చిన అమ్మాయి బలమైనది. నీలవేణి ఆమె చీలమండ దొరకబుచ్చుకుంది. అవతలి పక్క నుంచి పుణ్యవతి నడుం పట్టడానికి దూకింది. ఆ తోపులాటలో నీలవేణి వేలు వెనక్కి మెలిపడింది. ఇంకొక్క క్షణం ఓర్చుకుంటే మిగతావాళ్లు వచ్చి మీద పడేవారు. ఆమె చెయ్యి తీసేసింది. ఆ అమ్మాయి పుణ్యవతిని ఈడ్చుకుంటూ వెళ్లి మధ్య గీత తాకింది. ఇద్దరూ అవుట్. మ్యాచ్ పోయింది.

దాలినాయుడు ఉండబట్టలేక, ఇంటి కోసమే గదమ్మా అలా చేశావు, అందులో తప్పేముందన్నాడు.

“ఇంటి కోసమని అప్పుడు అనుకోలేదు సార్. భయమేసింది, వదిలేశాను. పుణ్యవతి నా మీద నమ్మకంతో దూకింది.” ఆమె తలుపు రెక్క వదిలి గడప మీద కూర్చుంది. “ఎవరైనా ఏదైనా అంటారని చూశాను. బస్సులో అంటారనుకున్నాను, మర్నాడు గ్రౌండ్‌లో అంటారనుకున్నాను. మీరేమో పట్టంటే నాదేనన్నారు. దొంగకి శాలువా కప్పినట్టయింది సార్.”

మంచం మీది తండ్రి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. కాసేపటికి మాస్టారు, ఈ సంగతి పుణ్యవతికి తెలుసా అని అడిగారు. తెలియదంది నీలవేణి. చెప్పాలని ఉందా అన్నారు. ఆమె లోపలికి వెళ్లి ఫోన్ తెచ్చుకుని, పెరటి వైపు నడిచింది.

వాకిట్లో ఉన్నవాళ్లకి మాటలు వినపడలేదు. మొదట నీలవేణి గొంతు కొంచెంసేపు నడిచింది. ఆ తర్వాత అంతా అవతలి మనిషి మాట్లాడుతున్నట్టే ఉంది. తల్లి లేచి పెరటి గుమ్మం దాకా వెళ్లి, కూతుర్ని చూసి, వెనక్కి వచ్చింది. వచ్చినవాళ్లకి మజ్జిగ కలిపి ఇచ్చింది. దాలినాయుడు గ్లాసు పట్టుకున్నాడే గానీ తాగలేకపోయాడు.

నీలవేణి తిరిగి వచ్చేసరికి కళ్లు ఎర్రబడి ఉన్నాయి. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది.

“తనకి ముందే తెలుసట సార్. తన కళ్ల ముందే వదిలాను గదా. నా అంతట నేను చెబుతానేమోనని చూసిందట. తిట్టింది. మూడేళ్లూ ఆడి ఈ ఆఖరి ఏడాది ఒక్కటైనా గెలిచి పోదామనుకున్నానే అని ఏడ్చింది.”

మళ్లీ మాట్లాడతానందా అని దాలినాయుడు మెల్లగా అడిగాడు.

“ఏమీ చెప్పలేదు సార్. పెట్టేసింది.”

అలా అన్నాక ఆమె గడప మీదే మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని ఏడ్చింది. ఇందాకటిలా దాచుకోలేదు. తల్లి వచ్చి పక్కన కూర్చుంది. దాలినాయుడి నోటి దాకా ఏవో మాటలు వచ్చాయి. ఇలాంటప్పుడు అనడానికి అతని దగ్గర మాటలు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. వాటిలో ఒక్కటీ పైకి అనలేకపోయాడు. ఆ పిల్ల ఏడుపు నెమ్మదించే వరకూ మాస్టారితో పాటు ఊరికే కూర్చున్నాడు.

బయల్దేరేటప్పుడు నీలవేణి వీధి చివరిదాకా వచ్చింది. వైద్య పరీక్ష గట్టెక్కిందనీ, సోమవారం పనిలో చేరుతున్నాననీ చెప్పింది. పరీక్షలకి సెలవిస్తారో లేదో తెలియదట. మాస్టారు ఆమె కుడి చెయ్యి తీసుకుని, మెలిపడిన వేలు ఏదో అడిగి, దాన్ని రెండు పక్కలా నొక్కి చూశారు. ఇంకా వాపు పూర్తిగా తగ్గలేదనీ, పనిలో బరువు ఆ వేలి మీద పడనియ్యొద్దనీ చెప్పారు. ఆమె అలాగేనని తలూపి వెనక్కి వెళ్లిపోయింది.

రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డారు. ఎండ మాస్టారి మీద పడకుండా గొడుగు తనే పట్టుకున్నాడు దాలినాయుడు. అయితే ఆ రోజు నేను ఆమెని అందరి ముందూ తిట్టి ఉండాల్సిందా మాస్టారూ అని అడిగాడు.

మాస్టారు బస్సు రావలసిన దిక్కుకే చూస్తున్నారు.

“ఆ పిల్ల ఇక కబడ్డీ ఆడదు నాయుడూ. ఆడిందంతా కలిపి ఆమెకి మిగిలింది ఆ ఒక్క మ్యాచే” అన్నారు. “దాన్నైనా మనం ఉన్నదున్నట్టు ఉంచలేదు.”