తూనీగకు నాలుగు సలాములు

అనగనగా ఒక... అడవి అంటాననుకున్నారు కదూ? కాదర్రా. అడవి కథలు మీరు చాలానే విన్నారు. ఈ కథ ఊరి చివర ఒక గుర్రాలశాలలో జరిగింది. పందేలలో పరిగెత్తే గుర్రాలు ఉండే శాల అది.

అందులో తూనీగ అనే ఆడగుర్రం ఉండేది. తేనె రంగు ఒళ్ళు, సన్నటి కాళ్ళు. వరసగా మూడు పందేలు గెలిచింది. మూడుసార్లూ మెడలో దండ వేశారు. మూడో దండ పడేసరికి దాని మెడ కాస్త బిరుసెక్కింది. మెడ ఒక్కటే అయితే బాగుండును, బుద్ధి కూడా బిరుసెక్కింది.

తూనీగను చూసుకునే సైసు పేరు మౌలాలి తాత. సైసు అంటే గుర్రాన్ని సాకే మనిషి. మేత పెట్టేది, ఒళ్ళు తోమేది, పడుకోవడానికి గడ్డి పరిచేది ఆయనే. జ్వరం వస్తే పక్కన కూర్చునేదీ ఆయనే. పందెం గెలిచాక తీసే ఫోటోలో యజమాని ఉంటాడు, ట్రైనరు ఉంటాడు, గుర్రమెక్కిన జాకీ ఉంటాడు. మౌలాలి తాత మాత్రం ఉండడు. అప్పటికే గుర్రానికి దాహమేస్తుందని బకెట్టు పట్టుకుని నీళ్ళకు వెళ్ళి ఉంటాడు.

తూనీగ గదిలోనే పోలమ్మ అనే ముసలి మేక ఉండేది. పందెపు గుర్రాలు ఒంటరిగా ఉంటే బెంగ పెట్టుకుంటాయి. అందుకని తోడుగా మేకను ఉంచుతారు. పోలమ్మకు నమలడం ఒక పని, మాట్లాడటం ఇంకో పని. రెండూ ఒకేసారి చేసేది.

రోజూ తెల్లవారగానే మౌలాలి తాత తూనీగ పక్కన గొంతుక్కూర్చునేవాడు. ఒక్కో కాలినీ పైనుంచి గిట్ట దాకా అరచేత్తో మెల్లగా నిమిరేవాడు. నిమిరి, "సలామత్" అనేవాడు. నాలుగు కాళ్ళకూ నాలుగుసార్లు.

తూనీగకు తాత మాట్లాడే ఉర్దూ రాదు. 'సలాం' అనే మాట మాత్రం తెలుసు. యజమాని కారు గేటులోకి వస్తే అందరూ అనేది అదే.

"చూశావా పోలమ్మత్తా," అంది తూనీగ. "ముసలాయన నా కాళ్ళు పట్టుకుని మరీ సలాం పెడుతున్నాడు. కాలికొకటి చొప్పున నాలుగు సలాములు! ఏ రాణికి పెడతారు చెప్పు?"

"అది సలాం కాదే పిచ్చితల్లీ, అదీ..." అనబోయింది పోలమ్మ.

తూనీగ వినలేదు. గెలిచిన కొత్తలో చెవులు సరిగా పనిచేయవు. గుర్రాలకే కాదు, మనకూ అంతే.

ఇలా ఉండగా పెద్ద పందెం దగ్గరపడింది. ఇంకా నాలుగు రోజులు ఉంది. ఆ రోజు తడినేల మీద పరిగెత్తించినప్పుడు తూనీగ ముందు ఎడమకాలు కొంచెం జారింది. లోపల ఎక్కడో చురుక్కుమంది. తూనీగ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ఉదయం మౌలాలి తాత ఎప్పటిలాగే కూర్చున్నాడు. మూడు కాళ్ళు నిమిరి, మూడుసార్లు "సలామత్" అన్నాడు. ముందు ఎడమకాలు దగ్గర ఆయన చెయ్యి ఆగింది. ఇంకోసారి నిమిరాడు. మరోసారి నిమిరాడు. ఏమీ అనకుండా లేచాడు.

తూనీగకు ఒళ్ళు మండిపోయింది. "నాలుగో సలాం ఏది? నాకే తగ్గిస్తాడా!" అని, ఆయన తన వెనకగా వెళ్తుండగా వెనకకాలు విసిరి తన్నింది. ఆ తన్ను నేరుగా మోకాలికి తగిలింది. తాత గోడకు కొట్టుకుని కింద పడ్డాడు.

ఆయన తిట్టలేదు, కర్ర తీయలేదు. కూర్చున్నచోటి నుంచే, "నొప్పి పుట్టిందా బేటీ? నా చెయ్యి గట్టిగా తగిలిందేమో, మాఫ్ చెయ్యి," అన్నాడు. తర్వాత గోడ పట్టుకుని లేచి, కుంటుకుంటూ ట్రైనరు శేషాద్రిగారి దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యా, తూనీగ ఎడమకాలు వేడిగా ఉంది. నరం పట్టేసింది. ఈ పందెం వద్దు."

శేషాద్రిగారు తూనీగను బయటికి తెప్పించి నడిపించారు. అడుగు వేసినప్పుడల్లా కాలు చురుక్కుమంటూనే ఉంది. అయినా తూనీగ పళ్ళు బిగబట్టి, కుంటకుండా తిన్నగా నడిచింది. నాలుగో దండ మీదే దాని మనసంతా.

"శుభ్రంగా నడుస్తోంది కదయ్యా," అన్నారు శేషాద్రిగారు విసుగ్గా. "కుంటేది గుర్రం కాదు, నువ్వు. నీ చేతులకు వయసైపోయింది మౌలాలీ. ఇంక ఇంటిపట్టున ఉండు. రేపటి నుంచి వేరే సైసు వస్తాడు."

"నన్ను పంపెయ్యండి, ఫరవాలేదు," అన్నాడు తాత. "దాన్ని మాత్రం పరిగెత్తించకండి. మీకు దణ్ణం పెడతా."

ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు. తాత తూనీగ నుదురు ఒకసారి తడిమి వెళ్ళిపోయాడు.

కొత్త సైసు వచ్చాడు. చురుకైన మనిషే. టైముకు మేత వేశాడు, టైముకు నీళ్ళు పెట్టాడు. కాళ్ళు మాత్రం తడిమి చూడలేదు. ఒకరోజు గడిచింది, రెండో రోజు మధ్యాహ్నమైంది. తూనీగకు ఏదో వెలితిగా అనిపించింది. కాలు నొప్పి కూడా పెరిగింది.

"ఈయన నాకు సలామే పెట్టడేంటి అత్తా?" అంది.

పోలమ్మకు ఇక ఓపిక చచ్చిపోయింది. నోట్లోని గడ్డి ఉమ్మేసింది. మేక గడ్డి ఉమ్మేసిందంటే కోపం ఎంత వచ్చిందో మీరే ఆలోచించండి.

"సలామూ లేదు, నీ మొహమూ లేదు! నేను పాతబస్తీలో పుట్టినదాన్ని, ఆ మాట నాకు తెలుసు. సలామత్ అంటే క్షేమం. ఈ కాలు క్షేమం, ఈ కాలూ క్షేమం అని రోజూ నాలుగుసార్లు చూసుకునేవాడు."

"మరి ఆ రోజు నాలుగోసారి ఎందుకు అనలేదు?"

"క్షేమంగా లేదు కాబట్టి అనలేదు. పరుగు మధ్యలో కాలు విరిగితే గుర్రం మళ్ళీ లేవదే పిల్లా. ఆ భయంతోనే, ఉన్న పని పోతుందని తెలిసినా నోరు విప్పాడు. నువ్వేమో ఆయన మోకాలు విరగ్గొట్టావు."

తూనీగ తల వాలిపోయింది. తనను ఆయన క్షమించమని అడిగిన మాట గుర్తొచ్చింది. తనంటే తనకే అసహ్యం వేసింది. మేత ముట్టలేదు.

"ఇప్పుడేం చెయ్యను అత్తా? మన మాట మనుషులకు అర్థం కాదు కదా!"

"నోటితో చెబితే అర్థం కాదు. అబద్ధం దేంతో ఆడావో, నిజమూ దాంతోనే చెప్పు," అంది పోలమ్మ.

పందెం రోజు పొద్దున్నే తూనీగను వాకిట్లోకి తెచ్చారు. ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేసింది. మూడో అడుగులో ముందు ఎడమకాలు పైకెత్తి అలాగే నిలబడిపోయింది. కళ్ళెం పట్టి లాగారు, కదల్లేదు. బెల్లం ముక్క చూపించారు, కదల్లేదు. కొరడా ఝళిపించారు, ఒళ్ళంతా వణికింది కానీ కాలు దించలేదు. దూరంగా మైదానంలో బ్యాండు మేళం వినిపిస్తోంది. దండలు అక్కడే ఉంటాయని తూనీగకు తెలుసు. అయినా కాలు దించలేదు.

శేషాద్రిగారు వంగి ఆ కాలు పట్టుకున్నారు. చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నారు. డాక్టరును పిలిపించారు.

డాక్టరు చూసి, "ఈరోజు పరిగెత్తి ఉంటే ఈ నరం తెగిపోయేది. గుర్రం దక్కేది కాదు. ఆరు నెలలు విశ్రాంతి ఇస్తే మళ్ళీ పరిగెత్తుతుంది," అన్నాడు.

శేషాద్రిగారు ఇంకెవరినీ పంపలేదు. మౌలాలి తాత ఇంటికి తానే వెళ్ళారు. "పొరపాటు నాది. మూడు రోజుల ముందే నీ చేతికి తెలిసింది, నా కళ్ళకు తెలియలేదు. రావయ్యా," అన్నారు.

"కాలికి తడిపట్టీ వేశారా?" అన్నాడు తాత. చెప్పులు వేసుకుంటూ అడిగిన మాట అదొక్కటే.

కర్ర ఊతంతో తూనీగ గదిలోకి వచ్చాడు. ఎప్పటిలాగే కాళ్ళు చూద్దామని కూర్చోబోయాడు. మోకాలు వంగలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంగలేని సైసు గుర్రం కాళ్ళు ఎలా చూస్తాడు? తాత గోడకు ఆనుకుని, పక్కనున్న స్టూలు మీద చతికిలబడ్డాడు.

గుర్రాలు నిలబడే కునుకు తీస్తాయి తెలుసా? పడుకుంటే చప్పున లేవలేమని వాటి భయం. పక్కన మనిషి ఉంటే అంత తేలిగ్గా పడుకోవు. అలాంటిది తూనీగ ముందుకాళ్ళు మడిచి, తర్వాత వెనకకాళ్ళు మడిచి, ఆయన పాదాల దగ్గర గడ్డిలో మెల్లగా పడుకుంది. వాచిన కాలు చాపి, స్టూలు మీద కూర్చున్న మనిషి చేతికి అందేలా పెట్టింది.

గుమ్మంలో నిలబడ్డ శేషాద్రిగారు టోపీ తీసేశారు. పోలమ్మ నమలడం ఆపేసింది.

నీతి: మన గెలుపు వెనక రోజూ మన బాగు చూసే చేతులుంటాయి. వాటిని గుర్తుపట్టి ప్రేమించాలి, తప్పు చేస్తే వాటి ముందు తల వంచడానికి సిగ్గుపడకూడదు.