ఎడమ గొట్టం

ఇన్నాసి పని అంత త్వరగా ఎలా తెమిలిందో నరహరికి అంతుపట్టలేదు.

ఇద్దరూ యాకూబ్ ఉస్తాద్ శిష్యులే. ఊరి చివర పాత విమానాల మైదానం, దాని అంచున రేకుల షెడ్డు. మూలపడ్డ చిన్న విమానాలను మళ్లీ ఎగిరేలా చేయడం అక్కడ ఉస్తాద్ పని. ఈసారి వచ్చింది కాకినాడ వైపు ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి పడి ఉన్న నాలుగు సీట్ల విమానం. దాన్ని కొనుక్కున్న పెద్దమనిషి, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని తనే నడపాలని ముచ్చటపడుతున్నాడు.

ఆ విమానంలో ముందు సీట్లకు కారు స్టీరింగులాంటి చెరో చక్రం. ఒక్కో చక్రం వెనక మూరెడు ఉక్కు గొట్టం. చక్రాన్ని లాగితే ఆ గొట్టం వెనక్కి జరిగి విమానం ముక్కు లేస్తుంది, తోస్తే దిగుతుంది. గాలిలో ఉండగా గొట్టం విరిగిందా, ఇక చేతిలో మిగిలేది ఉత్త చక్రమే.

ఉస్తాద్ రెండు గొట్టాలూ ఊడదీయించి వెలుతురులో తిప్పి చూశాడు.

"పైపై తుప్పే అనుకుంటా. గీకి, నునుపు చేసి, పూత పెట్టిస్తే బాగయిపోతాయి," అన్నాడు. ఎడమది నరహరి చేతికిచ్చాడు. కుడిది ఇన్నాసికి.

ఉస్తాద్ నోటి మాటంటే నరహరికి తిరుగులేదు. గరుకు కాగితం పట్టుకుని కూర్చుని, వేళ్ల చర్మం లేచిపోయేదాకా రుద్దాడు. అవతల ఇన్నాసి బల్ల ఖాళీ. ఎక్కడికి పోయాడో తెలియదు. ఓ పొద్దున చూస్తే అతని బల్ల మీద గొట్టం అద్దంలా మెరుస్తోంది.

నరహరిని అనుమానం పురుగులా తొలచడం మొదలుపెట్టింది. రుద్దనివాడికి ఆ మెరుపు ఎక్కడిది? తుప్పు మీదే పూత వేయించేశాడా? ఉస్తాద్‌కు వయసు మీద పడుతోంది. ఆయన తర్వాత షెడ్డు ఎవరి చేతికొస్తుందో ఇంకా తేలలేదు. ముందుగా పని చూపించి మార్కులు కొట్టేద్దామనుకున్నాడా?

అప్పట్నుంచి ఇన్నాసి అటుగా వస్తే చాలు, నరహరి తన గొట్టం మీద గుడ్డ కప్పేసేవాడు. ఒకసారి ఇన్నాసి దగ్గరకొచ్చి తటపటాయించాడు.

"నరహరన్నా, నీ గొట్టం ఒక్కసారి..."

"నా పని నేను చూసుకుంటాలే."

ఇన్నాసి వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. వీడు కాపీ కొట్టడానికి వచ్చాడు, లేదా వంక పెట్టడానికి, అనుకున్నాడు నరహరి.

చివరికి నరహరి గొట్టానికీ పూత పడింది. రెండూ ఉస్తాద్ గదిలోని బీరువాకు చేరాయి. ఇన్నాసి భోజనానికి వెళ్లేదాకా కనిపెట్టుకుని ఉండి, నరహరి గదిలోకి వెళ్లాడు.

"ఉస్తాద్, చాడీ అనుకోకండి. ప్రాణాలతో వ్యవహారం కాబట్టి చెబుతున్నా. ఇన్నాసి గొట్టం మీద నాకు అనుమానంగా ఉంది."

"గొట్టం మీదేనా?"

"గొట్టం మీదే."

ఉస్తాద్ బీరువా తెరిచి, గుడ్డలో చుట్టిన గొట్టం ఒకటి తీసి అతని చేతిలో పెట్టాడు.

"చూడు."

అది ఎవరిదని నరహరి అడగలేదు. కిటికీ దగ్గర కూర్చుని ఒక కొసన టార్చి, ఇంకో కొసన కన్ను పెట్టాడు. సన్నటి కమ్మీకి దూది చుట్టి లోపలికి దూర్చి తిప్పాడు. దూది ఎర్రగా బయటికొచ్చింది. మళ్లీ దూర్చాడు. ఒకచోట పోగు చిక్కుకుని ఆగింది. అక్కడ భూతద్దం పెట్టి చూస్తే తలవెంట్రుకంత నెర్రె. తుప్పు లోపలి నుంచి తినేసి, ఉక్కును రేకులా పలచన చేసింది.

నరహరికి చెప్పలేనంత సంతోషం వేసింది.

"దొరికింది ఉస్తాద్! ఇది పెట్టి ఎగరేసి ఉంటే ఆ దంపతుల గతి ఏమయ్యేది?"

"ఎక్కడుంది నెర్రె?"

"ఇదిగో, చీల పెట్టే రంధ్రం అంచున."

ఉస్తాద్ గడ్డం నిమురుకున్నాడు. "కుడి గొట్టానికి చీల రంధ్రం ఎక్కడిది బేటా?"

విమానం ఆపి ఉంచినప్పుడు చక్రం కదలకుండా చీల దూర్చే రంధ్రం అది. నడిపేవాడి వైపు గొట్టానికే ఉంటుంది. ఎడమదానికే.

నరహరి గొట్టాన్ని తిప్పి చూశాడు. ఆ రంధ్రం అంచులు నునుపు చేయడానికే తను ఒక పూటంతా కూర్చున్నాడు.

"నీ బల్ల మీద ఉన్నన్నాళ్లూ ఇలా ఎందుకు చూడలేదు?"

"బాగయిపోతుందని మీరే అన్నారు కదా ఉస్తాద్." నేల చూపులు చూస్తూ అన్నాడు: "పైగా, అప్పుడది నాది."

ఉస్తాద్ రెండో గొట్టం తీసి గుడ్డ విప్పాడు.

"ఇన్నాసికీ అదే మాట చెప్పాను. వాడు నన్ను నమ్మలేదు. ఆ పూటే లోపల టార్చి వేసి చూసి, ఇది పనికిరాదు ఉస్తాద్ అంటూ తెచ్చి నా ముందు పడేశాడు. వాడిదే నిజం. సర్టిఫికెట్టున్న గొట్టం కోసం తనే బొంబాయి వెళ్లొచ్చాడు. ఇది కొత్తది."

"నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"వచ్చాడట. గుడ్డ కప్పావట."

ఉస్తాద్ నెర్రె పడ్డ గొట్టాన్ని నరహరి చేతిలోంచి తీసుకుని పాత ఇనుము డబ్బాలో వేశాడు.

"పూత పడి వచ్చిన రోజే నేనూ చూశాను. ఇది విమానం ఎక్కేది కాదు. అనుమానం మంచి పనిముట్టే బేటా. మనుషుల మీద వాడితే మొద్దుబారిపోతుంది."

ఎడమ వైపుకూ కొత్త గొట్టం తెప్పించారు. నరహరి దాన్ని లోపలా బయటా వెతికి వెతికి చూశాడు. తర్వాత ఇన్నాసి బల్ల దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఇది ఒక్కసారి చూసిపెడతావా తమ్ముడూ?"

ఇన్నాసి ఆశ్చర్యంగా తలెత్తాడు. "కొత్తదే కదన్నా. నువ్వు చూసే ఉంటావు."

"చూశాను."

"ఇంకా అనుమానమా? ఎవరి మీద?"

నరహరి టార్చి అతని చేతికిచ్చి, కిటికీ వెలుతురుకు అడ్డం రాకుండా పక్కకు జరిగాడు.